పిడుగురాళ్ళలో దొరకని వాల్వు

మా కొట్లో గోడకు ఒక రేకు బోర్డు ఉంటుంది, 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని. మా నాన్న హనుమయ్యగారు కొట్టు తెరిచిన నాడు తగిలించింది. ఆయన ఇంకో మాట కూడా అంటుండేవారు గానీ దాన్ని బోర్డు మీద రాయించలేదు. "ఒరేయ్, అడిగింది ఇస్తే బేరం. కావాల్సింది ఇస్తే వ్యాపారం." నలభై ఏళ్ళు ఆ మాట మీదే కొట్టు నడిచింది. మొన్న వేసవిలో నేను ఆ మాట రెండుసార్లు తప్పాను. పొరపాటున కాదు, కళ్ళు తెరుచుకునే తప్పాను. ఆ సంగతే చెబుతున్నాను.

నా పేరు మురళీధర్. నరసరావుపేటలో పల్నాడు రోడ్డు మీద మాది బేరింగులు, బెల్టులు, గాలితో నడిచే మిషన్ల సామాన్లు అమ్మే కొట్టు. వయసు నలభై తొమ్మిది. మా ఆవిడ సుశీల పోయి ఎనిమిదేళ్ళయింది. పిల్లలు లేరు. మధ్యాహ్నానికి హోటల్ నుంచి క్యారేజీ వస్తుంది, రాత్రికి నేనే ఏదో ఉడకేసుకుంటాను. జాలి పడాల్సిన పనేం లేదు. కొట్లో కూర్చుంటే పగలు గడిచిపోతుంది. కసురుకోవాలనిపిస్తే కసురుకోవడానికి జిలానీ భాయ్ ఉన్నాడు. నాన్న రోజుల నుంచీ కౌంటర్లో ఉన్న మనిషి, నన్ను లాగుల్లో చూసినవాడు. ఆయన నా దగ్గర పనిచేస్తున్నాడో నేను ఆయన దగ్గర పనిచేస్తున్నానో ఇప్పటికీ తేలలేదు.

మే నెల మొదటి వారం. పదకొండు గంటలకే రోడ్డు మీద తారు మెత్తబడుతోంది. నేను లోపలి వైపు తిరిగి ఒక బెల్టు కొలుస్తున్నాను. ఎవరో మెట్లెక్కి గొడుగు మడిచిన చప్పుడు అయింది.

"గాలి సిలిండర్‌కి వాల్వులు ఉంటయ్యా అండీ?"

నేను వెనక్కి తిరగలేదు. ఆ గొంతు విన్నాను, అంతే. కొలిచే టేపు చేతిలోంచి జారి సర్రున డబ్బాలోకి చుట్టుకుపోయింది. ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత కూడా గొంతు మారలేదు.

"గుర్తుపట్టారా?" అంది, నేను తిరిగి చూశాక.

"వెల్దుర్తి రోహిణి," అన్నాను.

నవ్వింది. చెవుల దగ్గర జుట్టు తెల్లగా ఉంది. అది నెరిసిందో దుమ్ము పట్టిందో నాకు తెలియలేదు. జిలానీ భాయ్ నా మొహం చూసి, ఆవిడ మొహం చూసి, స్టూలు తుడిచి వేసి, చెంబుతో మంచినీళ్ళు తెచ్చి పెట్టాడు. మామూలుగా ఆయన ఎవరికీ నీళ్ళు ఇవ్వడు.

పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమాకి మేం ముప్పై ఎనిమిది మందిమి. ఆడపిల్ల ఆమె ఒక్కతే. ల్యాబులో ఇద్దరికొక బల్ల. నంబర్ల ప్రకారం నాకు ఆమె జత పడింది. గాలి ల్యాబు అంటే పెద్ద హంగేం కాదు, ఒక చెక్క బోర్డు, దాని మీద జానెడు సిలిండర్, పక్కన చేత్తో తిప్పే లివర్ వాల్వు. నేను లివర్ తిప్పేవాణ్ణి. గాలి ఒక వైపు నుంచి వెళ్తే రాడ్ బయటికొచ్చేది, రెండో వైపు నుంచి వెళ్తే లోపలికి పోయేది. ఆమె రీడింగులు రాసేది. క్లాసువాళ్ళు నన్ను ఆటపట్టించేవాళ్ళు. "ఒరేయ్ మురళీ, రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, నీ గుండె జాగ్రత్త" అని. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. అది అప్పటికే పగిలిందని ఎవరికీ చెప్పలేదు. ఆమెకు అసలే చెప్పలేదు.

ఆఖరి పరీక్ష రోజున ఆమె ల్యాబ్ రికార్డు నా దగ్గర ఉండిపోయింది. బస్టాండుకు పరుగెత్తాను. మాచర్ల బస్సులు ఆగే చోట నిలబడి ఉంది. నేను వచ్చేలోపు రెండు బస్సులు ఎక్కకుండా వదిలేసిందని తర్వాత ఎవరో చెప్పారు. నేను మాత్రం రికార్డు ఆమె చేతిలో పెట్టి, "బొమ్మలన్నీ ఉన్నాయి, చూసుకోండి" అని చెప్పి వచ్చేశాను. తర్వాత ఆమెకు పెళ్ళయింది, నాకూ అయింది. సుశీలతో బాగానే బతికాను, అబద్ధం చెప్పను. కానీ మాచర్ల బోర్డున్న బస్సు మా కొట్టు ముందు నుంచి పోయినప్పుడల్లా తలెత్తి చూడటం మాత్రం మానలేకపోయాను. రోజుకు ఎన్ని బస్సులు పోతాయో మీరే ఊహించుకోండి.

రోహిణి నీళ్ళు తాగి సంగతి చెప్పింది. వాళ్ళాయన పోయి మూడేళ్ళట. మాచర్ల దాటాక వాళ్ళకు నాపరాళ్ళ యూనిట్ ఉంది, ఇప్పుడు ఆమే నడుపుతోంది. గనిలోంచి వచ్చిన పలకల అంచులు నునుపు చేసే మిషన్ ఒకటుంది. పలకను యల్లమంద అనే అతను రెండు చేతులతో అదిమి పట్టుకుంటాడు, తిరిగే చక్రం అంచును అరగదీస్తుంది.

"ఎన్నాళ్ళని చేతుల్తో పట్టుకుంటాడండీ. రాయి జారిందంటే చెయ్యి చక్రం కిందకి పోద్ది. అందుకని సిలిండర్ పెట్టించా. అది పైనించి దిగి రాయిని పట్టుకోవాల, పనయ్యాక లేవాల. వాల్వు ఒక్కటే తక్కువ," అంది.

"గాలి ఒత్తిడి ఎంత వస్తుంది?"

"ఒకటిన్నర బార్. ట్యాంకు పాతది, రెండు దాటనీయొద్దన్నాడు మెకానిక్. దాటినా నాకొద్దు. నాపరాయి పొరలు పొరలు గదా, గట్టిగా నొక్కితే పుటుక్కున విరుగుద్ది."

"ఎట్టాంటి వాల్వు అనుకుంటున్నారు?"

"పక్క యూనిట్లో స్విచ్చి నొక్కితే పనిచేసేది ఉంది. అట్టాంటిది ఉంటే చూడండి."

ఇక్కడ కొంచెం మా వ్యాపారం సంగతి చెప్పాలి. సిలిండర్‌కు వాల్వు అంటే దారి మళ్ళించేది. గాలిని ఇటు పంపితే సిలిండర్ దిగుతుంది, అటు పంపితే లేస్తుంది. స్విచ్చితో పనిచేసే వాల్వుల్లో మామూలుగా అందరూ కొనే రకానికి ఒక కిటుకుంది. కరెంటు దాన్ని నేరుగా కదపదు. కరెంటు లోపల ఒక సన్నటి బెజ్జం తెరుస్తుంది, ఆ బెజ్జంలోంచి వచ్చే గాలే అసలు వాల్వును తోస్తుంది. అంటే అది కదలాలన్నా గాలి బలంగా ఉండాలి. కనీసం రెండు, రెండున్నర బార్. ఒకటిన్నర బార్‌కి స్విచ్చి నొక్కితే లోపల టిక్కుమంటుంది, ఏదీ కదలదు.

రోహిణికి కావాల్సింది కాలి పెడల్ వాల్వు. కాలితో తొక్కితే కాలే దాన్ని కదుపుతుంది, గాలి ఎంత తక్కువున్నా పనిచేస్తుంది. తొక్కితే ఉన్నచోటే నిలుస్తుంది, మళ్ళీ తొక్కితే వదులుతుంది. కరెంటుతో పని లేదు, యల్లమందకు రెండు చేతులూ ఖాళీ. పైగా మా కొట్లో అన్నిటికన్నా చవకైంది అదే. నా తల పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో కొక్కేనికి వేలాడుతోంది.

చెయ్యి లేచింది కూడా. సగం దాకా లేచింది. అప్పుడు తట్టింది. ఇది ఇస్తే పని చేస్తుంది. పని చేస్తే ఆమె మళ్ళీ రాదు.

లేచిన చేత్తో మెడ గోక్కున్నాను. అలమారా తెరిచి స్విచ్చితో పనిచేసే వాల్వు ఒకటి తీసి ఆమె ముందు పెట్టాను. "ఇది బిగించి చూడండి. ఏదన్నా తేడా వస్తే తీసుకురండి," అన్నాను. తేడా వస్తే తీసుకురండి అన్న మాట మా కొట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. జిలానీ భాయ్ బోర్డు వైపు చూశాడు.

ఆమె వెళ్ళాక ఆయన నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "బాబూ, ఒకటిన్నరకి అది కదలదు గదా."

"ఆమె అడిగింది అదే గదా," అన్నాను.

"అడిగింది అదే," అన్నాడు జిలానీ భాయ్, ఇంకేం అనకుండా లోపలికి పోయాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

పదకొండు రోజులు మాచర్ల బస్సుల్ని లెక్కపెట్టుకున్నాను. సిగ్గు లేదా అంటే ఉంది. ఆ సిగ్గును పక్కన కూర్చోబెట్టుకునే లెక్కపెట్టాను. తెల్లారి లేచి ఉతికిన చొక్కా వేసుకునేవాణ్ణి. పన్నెండో రోజున ఆమె వచ్చింది, అదే గొడుగు.

"టిక్కుమంటంది గానీ కదల్లా," అంది.

"అరెరే," అన్నాను. ఇంతకన్నా నీచమైన అరెరే నా జన్మలో అనలేదు.

ఆరోజు గంటన్నర కూర్చుంది. జిలానీ భాయ్ చెప్పకుండానే టీ తెప్పించాడు. సుశీల గురించి అడిగింది. ఏం జబ్బు, ఎన్నాళ్ళు పడింది అన్నీ అడిగి విన్నది. "మరి వంట ఎవరు చేస్తన్నారు?" అంది. వాళ్ళమ్మాయి కావ్య గుంటూరులో చదువుతోందని చెప్పింది. ఆదివారాలు యూనిట్ ఆపేస్తే ఆ నిశ్శబ్దానికి చెవులు గుయ్‌మంటాయనీ, ఆరోజు ఎట్లా గడుస్తుందో తెలియదనీ చెప్పింది. చెప్పి, ఖాళీ గ్లాసు బల్ల మీద తిప్పుతూ, "ఇంకేమన్నా చెప్పేదుందా?" అని అడిగింది.

ఉంది. ఇరవై తొమ్మిదేళ్ళది ఉంది. నోరు తెరిచాను. "సిలిండర్ దిగేటప్పుడు దబ్బున దిగకుండా, బయటికి పోయే గాలిని సన్నం చేసే మర బిగించుకోవాలి," అన్నాను. లోపలికొచ్చే గాలిని సన్నం చేస్తే ఎందుకు కుదుపు వస్తుందో, బయటికి పోయేదాన్ని సన్నం చేస్తే ఎందుకు మెత్తగా దిగుతుందో అట్ట ముక్క చింపి బొమ్మ వేసి మరీ అరగంట చెప్పాను. ఆమె అంతా విని, ఆ అట్ట ముక్కను మడవకుండా సంచిలో జాగ్రత్తగా పెట్టుకుంది.

మొదటిది తెచ్చారా అని కూడా అడక్కుండా రెండో వాల్వు ఇచ్చాను. ఇది మొదటిదానికన్నా అన్యాయం. లోపల స్ప్రింగు ఉంటుంది, ఆ స్ప్రింగును కూడా గాలే తోయాలి కాబట్టి దీనికి ఇంకా ఎక్కువ బలం కావాలి. రోహిణి కళ్ళజోడు పెట్టుకుని డబ్బా మీది సన్న అక్షరాలు చాలాసేపు చదివింది. చదివి నా మొహం వైపు చూసింది. తర్వాత కళ్ళజోడు తీసి డబ్బాను సంచిలో వేసుకుంది. మా క్లాసులో మొదటి మార్కు ఎప్పుడూ ఆమెదేనన్న సంగతి నాకు ఆ నిమిషాన గుర్తు రాలేదు. మనిషి ఆశలో పడితే ఎదుటివాళ్ళకు బుర్ర లేదనుకుంటాడు.

ఈసారి జిలానీ భాయ్ ఊరుకోలేదు. షట్టరు దగ్గరే నిలేశాడు.

"మీ నాయనుంటే నీ చెంప పగిలేది. ఆమె మీద మనసుంటే ఆ మాట చెప్పు, నేనేమన్నా కాదన్నానా? ఆ మిషన్ కాడ ఒకడు చేతుల్తో రాయి పట్టుకునున్నాడు. వాడి చెయ్యి నీ చేతిలో ఉంది బాబూ."

"ఇంకొక్కసారి రానీ, ఈసారి పెడల్ ఇచ్చేస్తా," అన్నాను.

ఇంకొక్కసారి. తాగేవాళ్ళు కూడా ఇట్లాగే అంటారు.

ఆమె రాలేదు. పది రోజులు చూశాను, ఇరవై రోజులు చూశాను. బిల్లు మీద రాసుకున్న ఆమె ఫోన్ నంబరు ఉంది. రోజూ తీసేవాణ్ణి, ఏం చెప్పి చెయ్యాలో తెలియక పెట్టేసేవాణ్ణి. కోరిక అనేది వయసుతో పోతుందని మా వాళ్ళలో పెద్దవాళ్ళు అంటుంటారు. పోదు. మోకాళ్ళ నొప్పిలాగా కూర్చున్నప్పుడు తెలియదు, లేచినప్పుడు తెలుస్తుంది. ఒక మధ్యాహ్నం క్యారేజీ విప్పితే దొండకాయ వేపుడు ఉంది. ల్యాబులో ఒకసారి ఆమె తన డబ్బాలోంచి దొండకాయ వేపుడు నా మూతలో పెట్టింది. అన్నం అట్లాగే మూసేశాను.

జూన్ రెండో వారంలో ఆమే ఫోన్ చేసింది.

"యల్లమంద చెయ్యి తెగింది," అంది. "రాయి విరిగి ముక్క జారింది. బొటనవేలి కాడ ఏడు కుట్లు పడ్డయ్. చెబుదామని చేశా." నేనేదో అనేలోపే పెట్టేసింది.

మర్నాడు పొద్దున మొదటి మాచర్ల బస్సు ఎక్కాను. సంచిలో పెడల్ వాల్వు, పైపు ముక్కలు, పానాలు ఉన్నాయి. జిలానీ భాయ్ బస్టాండు దాకా వచ్చాడు. బస్సు పిడుగురాళ్ళలో పది నిమిషాలు ఆగింది. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. అక్కడ వీధి వీధికీ సున్నం మిల్లులు, మిల్లులున్న చోట సామాన్ల షాపులు. బస్సు ఆగిన చోటి నుంచే నాకు మూడు కనిపించాయి. మూడింటి బోర్డుల మీదా గాలి సామాన్ల పేర్లు రాసున్నాయి. మాచర్ల నుంచి నరసరావుపేట వచ్చే బస్సు పిడుగురాళ్ళ దాటకుండా రాదు. అంటే రోహిణి రెండుసార్లు ఈ షాపుల ముందు నుంచే, దిగకుండా, ఇంకో గంట ఎండలో కూర్చుని మా కొట్టుకు వచ్చింది.

ఈ ముక్క నాకు నెల తర్వాత, ఒక మనిషి చేతికి ఏడు కుట్లు పడ్డాక అర్థమైంది. రెంటచింతల దాకా తల ఎత్తలేకపోయాను.

యూనిట్‌లో చక్రాల హోరు. గాల్లో తెల్లటి దుమ్ము. యల్లమంద కుడిచేతికి కట్టుతో ఒక మూల నిలబడి ఎడమచేత్తో పలకలు పేరుస్తున్నాడు. యాభై ఏళ్ళుంటాయి. రోహిణి నన్ను చూసింది. మిషన్ దగ్గరికి దారి చూపింది. నేను కూర్చుని పైపులు కోసి, పెడల్‌ను కింద బిగించి, సిలిండర్‌కు కలిపాను. బయటికి పోయే గాలి సన్నం చేసే మర ఆమె అప్పటికే బిగించి పెట్టుకుంది, నేను అట్ట ముక్క మీద గీసిచ్చినట్టే. ఆ పక్కనే గోడకు ఆ అట్ట ముక్క మేకుతో కొట్టి ఉంది.

పలక పెట్టి పెడల్ తొక్కాను. సిలిండర్ మెత్తగా దిగి రాయిని పట్టుకుంది. యల్లమంద వచ్చి ఎడమచేత్తో పలకను లాగి చూశాడు. కదల్లేదు. "ఇదేదో బాగుందమ్మా," అన్నాడు.

"రోహిణి గారూ," అన్నాను. హోరులో వినపడలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఏంది అన్నట్టు చూసింది. ఇంకాస్త గట్టిగా అన్నాను. అప్పుడే కరెంటు పోయింది. చక్రాలు ఒక్కోటీ నెమ్మదించి ఆగిపోయాయి. సిలిండర్ మాత్రం రాయిని పట్టుకునే ఉంది. యల్లమంద బీడీ కోసం బయటికి పోయాడు.

"ఈ పెడల్ మొదటి రోజే నా చేతికందే చోట ఉంది. తెలిసే ఇవ్వలేదు," అన్నాను.

"తెలుసు," అంది.

గోడ అలమారా తెరిచింది. రెండు డబ్బాలు. రెండూ నేనిచ్చినవే. పైన చుట్టిన ప్లాస్టిక్ కూడా చింపలేదు.

"మరి టిక్కుమంటంది అన్నారు?"

"ఒకటిన్నరకి టిక్కుమంటదే గానీ కదలదని నాకు తెలవదా? నేను అదే ల్యాబులో గదా చదివింది. కొట్టు మెట్లు దిగి బస్సెక్కి కూర్చోగానే డబ్బా మీద చదివా. రెండోది మీ ముందే చదివా."

"పిడుగురాళ్ళలో షాపులున్నాయి గదా."

"ఉన్నయ్. దాటుకుంటా వచ్చా." తర్వాతి మాటలో 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. "యల్లమంద చెయ్యి నీ ఒక్కడి తప్పే గాదు మురళీ. నాది గూడా. పెడల్ చాలని నాకూ తెలుసు. వారం పదిరోజులకు ఏమైద్దిలే అనుకున్నా. నీ నోటి వెంట ఒక మాట వస్తదేమోనని రెండుసార్లు వచ్చా. రెండుసార్లూ వాల్వే ఇచ్చావు. అప్పుడు బస్టాండులో రికార్డు ఇచ్చావు."

నేను తల దించుకున్నాను.

"నువ్వూ ఆ వాల్వు రకమే. లోపల టిక్కుమంటావు గానీ కదలవు," అంది.

నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఏది ముందొచ్చిందో చెప్పలేను. "నువ్వు మళ్ళీ రావాలనే తప్పుది ఇచ్చా," అన్నాను. "ఇరవై తొమ్మిదేళ్ళ నుంచి కొట్టు ముందు పోయే ప్రతి మాచర్ల బస్సూ చూస్తన్నా. నువ్వు దిగుతావని కాదు. చూడకుండా ఉండలేక. ఆరోజు బస్టాండులో చెప్పాల్సింది ఇదే. నువ్వంటే నాకు ప్రాణం రోహిణీ."

ఆమె సిలిండర్ పట్టుకున్న రాయి మీద అరచెయ్యి పెట్టి నిలబడింది. వేళ్ళ మధ్య రాతి దుమ్ము ఉంది. ఆ చేతి మీద నా చెయ్యి వెయ్యాలని ఎంత అనిపించిందో చెప్పలేను. వెయ్యలేదు.

"ముందు పోయి యల్లమందకు చెప్పు," అంది. "వాడికి తెలియకుండా ఇంకో మాట మనం మాట్లాడుకోగూడదు."

బయటికి పోయి చెప్పాను. దాచకుండా చెప్పాను. యల్లమంద బీడీ పారేసి నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"అమ్మకు గూడా తెలుసా?"

"తెలుసు."

"అంటే ఇద్దరూ మొహమాటపడి నా చెయ్యి పెట్టారా మధ్యలో," అన్నాడు. ఆయన కట్టు వైపు చూసుకుని, "ఏలు ఉంది లే. పోయుంటే మాత్రం మిమ్మల్ని ఊరికే వదిలేవాణ్ణి గాదు," అన్నాడు. అని లోపలికి పోయి పెడల్ తొక్కి చూసుకున్నాడు, ఒకసారి కాదు, నాలుగైదుసార్లు.

రోహిణి నాతో రోడ్డు దాకా వచ్చింది. ఎండ మాడుతోంది. గొడుగు ఇద్దరి మీదకీ సగం సగం వచ్చేట్టు పట్టుకుంది. నరసరావుపేట బస్సు వచ్చింది. నేను చెయ్యి ఎత్తలేదు. అది దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది.

"ఎక్కవా?"

"ఇంకోటి ఉందిగా."

ఆమెకు అర్థమైంది. మొహం అటు తిప్పుకుంది. "నాకు ఇప్పుడు ఏం చెప్పాలో తెలవట్లా మురళీ," అంది. "కావ్యతో మాట్లాడాల. వాడి చెయ్యి మానాల. ఈ వయసులో ఊళ్ళో ఏమంటారో అదొకటి. అవునని చెప్పటానికీ నోరు రావట్లా, కాదని చెప్పటానికీ రావట్లా."

"ఇరవై తొమ్మిదేళ్ళు నేను చెప్పలేదు. నువ్వు ఒక్కరోజులో చెప్పాలని ఎక్కడుంది," అన్నాను.

రెండో బస్సు వచ్చింది. అదీ వెళ్ళిపోయింది. బస్సు కనిపించినంతసేపూ ఇద్దరం దాన్నే చూశాం. అప్పుడు ఆ బస్టాండులో నిలబడి, నేను వస్తానో రానో తెలియక, ఇట్లాగే ఈ అమ్మాయి రెండు బస్సుల్ని చూస్తూ ఉండిపోయింది. ఎట్లా ఉంటుందో నాకు ఆరోజే తెలిసింది.

"ఆ రెండు వాల్వులూ తీసుకుపో. సంచిలో వేస్తానుండు," అంది.

"మా బోర్డు చూశావుగా. అమ్మిన సరుకు వాపసు తీసుకోం."

"మరి నేనేం చేసుకోను వాటిని?"

"అలమారాలోనే ఉంచు. వాటి సంగతి చూడ్డానికి నేనే వస్తా. ఇక నువ్వు ఎండలో బస్సెక్కొద్దు."

"ఎప్పుడొస్తావు?"

మూడో బస్సు మలుపు తిరిగింది. చెయ్యి ఎత్తాను.

"ఆదివారం," అన్నాను.

"ఆదివారం మిషన్లు తిరగవు," అంది.

"అందుకే వస్తా," అని బస్సెక్కాను.